ఆటలో అరటిపండు, ఒంట్లో కార్టిసాల్

(ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, టీచర్ల సమావేశంలో ఒక చైల్డ్ సైకాలజిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్ళు మధ్యలో లేచి తిరగాల్సొస్తే ఏమీ మొహమాటపడొద్దు. ముందుగా ఒక చిన్న పని. ఆ మూల ఫ్యాను కిర్రుమంటోంది, ఎవరైనా కాస్త ఆపుతారా? థాంక్యూ. మనలో చాలామందికి అది వినపడనే లేదు కదూ? మూడో వరసలో ఆ పాప మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ దానివైపే చూస్తోంది.

చిన్నప్పుడు మనం "ఆటలో అరటిపండు" అనేవాళ్ళం, గుర్తుందా? మనం ఆడుకుంటుంటే అమ్మ వచ్చి "చెల్లెల్ని కూడా చేర్చుకోండే" అనేది. చేర్చుకోకపోతే ఆట ఆగిపోతుంది. చేర్చుకుంటేనేమో దానికి ఆట రాదు. అందుకని పంటలు వేసేటప్పుడే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కన్ను కొట్టేవాళ్ళం. అది అరటిపండు. పరిగెడుతుంది, అరుస్తుంది, కానీ దాన్ని ఎవరూ పట్టుకోరు. పట్టుకున్నా అది దొంగ అవదు. ఆ సంగతి అందరికీ తెలుసు, దానికి తప్ప.

చెల్లెలికి మరుసటి ఏడాదికల్లా ఆట వచ్చేస్తుంది, అరటిపండు పదవి ఊడిపోతుంది. ఆటిజం ఉన్న పిల్లలు మాత్రం ఏళ్ళ తరబడి ఆ పదవిలోనే ఉండిపోతారు. ఆడుతున్నట్టే ఉంటారు, ఎవరి లెక్కలోనూ ఉండరు. బయటినుంచి చూస్తే నష్టమేమీ కనపడదు. లోపల వాళ్ళ ఒళ్ళు ఏం చేస్తోందో కొలిచి చూసినవాళ్ళున్నారు. ఇవాళ ముఖ్యంగా వాళ్ళ పని గురించే మాట్లాడదామని వచ్చాను.

దానికి ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక బాబుని చూడటానికి వాళ్ళ స్కూలుకి వెళ్ళాను. పదేళ్ళవాడు, నాలుగో క్లాసు. ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలంతా గ్రౌండులో పడ్డారు. ఈ బాబు కాంపౌండ్ గోడ పక్కన ఒక చివర్నుంచి రెండో చివరికి నడుస్తున్నాడు. దారిలో నాలుగు వేపచెట్లున్నాయి, ఒక్కోదాన్నీ అరచేత్తో తాకి ముందుకెళ్తున్నాడు. ఎవరి జోలికీ పోలేదు, ఏడవలేదు, అరవలేదు. గంట కొట్టగానే అందరికంటే ముందు లైన్లో నిలబడ్డాడు. నేను రిపోర్టులో రెండు ముక్కలు రాశాను: "తోటిపిల్లల మీద ఆసక్తి తక్కువ. ప్రశాంతంగా ఉన్నాడు."

రెండు నెలల తర్వాత వాళ్ళమ్మ వచ్చింది. "స్కూల్లో బంగారం అంటారు మేడమ్. నాలుగున్నరకి వ్యాను దిగి గేటు దాటాడంటే చాలు, ఎవరో పూనినట్టే. బూటు ఒకటి అటు, ఒకటి ఇటు. నిన్న తమ్ముడి చెయ్యి కొరికాడు. మా అత్తగారు నా గారాబమే అంటారు" అని ఏడ్చింది. బాబుని కూర్చోబెట్టి స్కెచ్ పెన్నులిచ్చాను. ఇంటర్వెల్లో ఏం చేస్తావని అడిగితే పలకలేదు. కాసేపటికి పెన్నులన్నీ వరసగా పేర్చి, ఒక్కోదానికీ ఒక్కో పిల్లాడి పేరు పెట్టి, సోమవారం ఎవరు ముందు అవుటయ్యారు, మంగళవారం ఎవరు తొండి చేశారు, ఎవరు ఎవర్ని తోశారు, మొత్తం అప్పజెప్పాడు. వారం రోజుల ఆట. నేను ఆసక్తి లేదని రాసిన పిల్లాడు ఒక్క బంతి వదలకుండా చూశాడండీ. మొదటి వాక్యం కొట్టేశాను. రెండోది, ఆ "ప్రశాంతంగా" అన్నది, ఎంత తప్పో అర్థం కావడానికి ఇంకొంచెం చదువుకోవాల్సొచ్చింది.

కొంచెం ఒంటి సంగతి చెప్పుకుందాం. భయం వేసినప్పుడు మన ఒంట్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి అడ్రినలిన్ పని, సెకన్లలో జరిగిపోతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం. రెండోది నిదానం. ఆఫీసులో ఫైలులాగా మూడు బల్లలు దాటాలి. మెదడు అడుగున బాదంగింజంత ముక్క ఉంటుంది, హైపోథాలమస్. అది సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని వదులుతుంది. దాన్ని అందుకుని కింద వేలాడుతున్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనేదాన్ని రక్తంలోకి పంపుతుంది. అది వెళ్ళి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథుల్ని తట్టి లేపుతుంది. అవి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని వదులుతాయి. ఇదంతా అయి, ఉమ్మిలో కార్టిసాల్ బాగా పెరిగినట్టు కనపడేసరికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

ఆ ఇరవై, ముప్పై నిమిషాలు గుర్తుపెట్టుకోండి. ఇంటర్వెల్ అయిపోయి పిల్లాడు బెంచీ మీద బుద్ధిగా కూర్చుని, టీచరు లెక్కలు మొదలుపెట్టాక అతని ఒంట్లో గ్రౌండు తాలూకు కార్టిసాల్ పైకి లేస్తుంది. "ఊరికే కూర్చున్నవాడు ఉన్నట్టుండి పుస్తకం చింపేశాడు, ఎవరూ ఏమీ అనలేదు" అని టీచర్లు చెబుతుంటారు. ఎవరూ ఏమీ అనకపోవడం నిజమే. అప్పుడు అనలేదు. అరగంట వెనక్కి వెళ్ళి చూడాలి.

కార్టిసాల్ అంటే విషమేమీ కాదు. మనల్ని పొద్దున్నే మంచం మీదనుంచి లేపి నిలబెట్టేది అదే. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకి ఆ రోజులో అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. సాయంత్రానికి దిగుతుంది, అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటుతుంది. ఎక్కీ దిగీ ఉంటే ఆరోగ్యం. చిక్కల్లా దిగాల్సినప్పుడు దిగకపోవడంతోనే.

దీన్ని పిల్లల్లో ఎలా కొలుస్తారంటే, సూది గుచ్చి రక్తం తీయరు. సూది చూడగానే కార్టిసాల్ పెరుగుతుంది, ఇక మనం కొలిచేది సూదినే అవుతుంది. అందుకని ఉమ్మి. దూదిచుట్ట నమిలిస్తారు, లేకపోతే స్ట్రాలోంచి చిన్న గొట్టంలోకి ఉమ్మిస్తారు. తినడానికీ తాగడానికీ కాసేపు ముందునుంచే ఏమీ ఇవ్వకూడదు. ఆ గొట్టాల్ని ఫ్రీజర్లో పెట్టి ల్యాబుకి పంపుతారు. ఇంట్లో అయితే అమ్మానాన్నలే పొద్దున, సాయంత్రం, పడుకోబోయే ముందు తీసి ఫ్రిజ్‌లో పెడతారు. మన పిల్లల నోట్లో దూది పెట్టి కదలకుండా ఉండమంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) చేయించారండీ. ముందు ఆడుకుంటూ అలవాటు చేసి, బొమ్మలతో చూపించి మరీ చేయించారు.

అమెరికాలో, డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మైండ్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. అక్కడ ఈ పని మొదలుపెట్టిన సైకాలజిస్టు బ్లైత్ కార్బెట్. తర్వాత టెనెసీ రాష్ట్రంలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్ళి అక్కడ కొనసాగించారు. 2010లో ఆవిడ బృందం ప్రచురించిన అధ్యయనం చూడండి. 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 45 మంది, వాళ్ళలో 21 మందికి ఆటిజం. ఎక్కడ కొలిచారు? ప్రయోగశాలలో కాదు, ఆటస్థలంలో. జారుడుబల్లలు, ఊయలలు ఉన్న మామూలు గ్రౌండు. ముగ్గురేసి పిల్లల్ని వదిలారు. ఆ ముగ్గురిలో ఒకరు ముందే శిక్షణ ఇచ్చిన పిల్లో పిల్లాడో. ఎప్పుడు వెళ్ళి "ఆడదామా" అని పిలవాలో, ఎప్పుడు ఊరుకోవాలో వాళ్ళకి చెప్పి ఉంచారు. అంటే కాసేపు ఎవరిష్టం వాళ్ళది, కాసేపు కలిసి ఆడక తప్పదు. ఇరవై నిమిషాల ఆట. ముందూ వెనకా ఉమ్మి.

ఆటిజం ఉన్న పిల్లలు తక్కువసార్లు పలకరించారు, తక్కువసేపు కలిసి ఆడారు. ఇది మనకి తెలిసిందే, దీనికోసం అంత ఖర్చక్కర్లేదు. అసలు సంగతి ఉమ్మిలో ఉంది. ఆటిజం ఉన్నవాళ్ళలో కాస్త పెద్ద పిల్లలకి కార్టిసాల్ అందరికంటే ఎక్కువ ఉంది. ఆటస్థలం అండీ, పరీక్ష హాలు కాదు! మిగతా పిల్లలకి అది సరదా. వీళ్ళకి మాత్రం ఒంటిమీద బరువు.

చిన్నవాళ్ళకంటే పెద్దవాళ్ళలో ఎక్కువ అన్నదగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వయసుతోపాటు అలవాటు పడాలి కదా, తగ్గాలి కదా అనుకుంటాం. ఆరేళ్ళ పిల్లల ఆట పరుగులే. తొమ్మిది, పదేళ్ళకి ఆట మాటల్లోకి వెళ్ళిపోతుంది. ఎవరు ఎవరి జట్టు, ఎవరు ఎవరితో పచ్చి, నిన్నటి రూలు ఇవాళ ఎందుకు లేదు. మన బాబుకి వేపచెట్టు మారదు. ఎవరు ఎవరి జట్టో పూటపూటకీ మారుతుంది. ఇంకోటి కూడా ఉంది. తను అరటిపండునన్న సంగతి ఆ వయసుకి తెలిసిపోతుంది.

ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి చెబుతాను. జర్మనీలో ట్రియర్ అనే ఊరు పేరుతో ఒక పరీక్ష ఉంది. 1993లో అక్కడి యూనివర్సిటీవాళ్ళు తయారుచేశారు. మనిషికి ఒత్తిడి పుట్టించడంలో దాన్ని మించింది లేదంటారు. పిల్లలకోసం చేసిన రకంలో ఒక కథ మొదలుపెట్టి ఇస్తారు, మిగతాది పిల్లాడు జడ్జీల్లా కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్ళ ముందు నిలబడి పూర్తి చేయాలి. తర్వాత పెద్ద అంకెలోంచి ఒక చిన్న అంకెని తీసేస్తూ, పైకి లెక్క చెబుతూ పోవాలి. తప్పయితే మొదటికి రావాలి. మామూలు పిల్లలకి కార్టిసాల్ ఠక్కున పెరుగుతుంది. మనకైనా పెరుగుతుంది, ఇప్పుడు నాది కొలిస్తే తెలుస్తుంది. (నవ్వులు) మరి ఆటిజం ఉన్న పిల్లలకి? కార్బెట్ బృందమే 2012లో చూసింది. సగటున పెరగలేదు. ఉన్నచోటే ఉంది.

గ్రౌండులో పెరిగింది, జడ్జీల ముందు పెరగలేదు. మొదటిసారి చదివినప్పుడు రెంటిలో ఒకటి తప్పై ఉంటుందనుకున్నాను. తర్వాత మన ఇళ్ళలో మాటే గుర్తొచ్చింది. "ఆగస్టు పదిహేనుకి స్టేజి ఎక్కి వెయ్యి మంది ముందు పద్యం తడుముకోకుండా చెప్పాడు మేడమ్. పక్కింటి నలుగురు పిల్లల మధ్య కూర్చోబెడితే అయిదు నిమిషాలు ఉండడు. నాటకాలు కాకపోతే ఏంటి?" ఎంతమంది తండ్రులు అన్నారో ఈ మాట. ఈ హాల్లో కూడా తలలూపుతున్నారు చూడండి.

నాటకం కాదండీ. జడ్జీల ముందు మనకి భయమెందుకు? వాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నారోనని. వాళ్ళ మొహాలు బిగుసుకుపోయి ఉంటే మనకి చెమటలు. ఆ "ఏమనుకుంటున్నారో" అన్నది తట్టని పిల్లాడికి స్టేజి ఒక పనంతే. చెప్పమన్నారు, చెప్పాడు, దిగాడు. మొదలు తెలుసు, చివర తెలుసు, మధ్యలో ఎవరూ అడ్డురారు. నలుగురు పిల్లల మధ్య అలా కాదు. రాసిపెట్టిన మాటలుండవు, ఎప్పుడు ఎవరు ఏమంటారో తెలీదు, ఎప్పుడు అయిపోతుందో తెలీదు. ఆ ఒత్తిడి వ్యవస్థ కొంతమందిలో మొద్దుబారి పలకడం మానేస్తుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం మొదటి మాటవైపే మొగ్గుతాను. ఎందుకంటే మన పిల్లల ఒళ్ళు మొద్దుబారి ఉంటే గ్రౌండులోనూ మొద్దుగానే ఉండాలి.

నిజానికి ఇది కొత్త సంగతేం కాదు. ఆటిజానికి ఆ పేరు స్థిరపరిచిన లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే, ఉన్నది ఉన్నట్టు ఉండాలన్న ఆత్రం వాళ్ళలో ఎంత గట్టిదో చెప్పాడు. మార్పంటే వాళ్ళకి హడలు. ఆయన కళ్ళతో చూసి రాసిందే వీళ్ళు ఉమ్మిలో చూశారు. 2006లో ఇదే డేవిస్‌లో పిల్లల్ని ఉత్తుత్తి ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి చూసినప్పుడు, ఆటిజం ఉన్న పిల్లల్లో కార్టిసాల్ మిగతావాళ్ళకంటే ఎక్కువ లేచింది. అక్కడ మనుషులతో పని లేదు, కొత్తదనమే. తర్వాత ఇళ్ళలో రోజుల తరబడి తీసిన నమూనాల్లో ఇంకో సంగతి తేలింది. రోజుకీ రోజుకీ తేడాలు ఎక్కువ, సాయంత్రంపూట దిగాల్సినంత దిగకుండా పైనే ఉండటం ఎక్కువ. బూట్లు విసిరేసిన బాబు సాయంత్రం మీకు గుర్తుకు రావట్లేదూ?

మన తెలుగు ఇళ్ళలో దీనికి పేరు పెట్టాం: "స్కూల్లో బంగారం, ఇంట్లో రాక్షసుడు." ఆ మాటని నేను తిప్పి చదువుతాను. స్కూల్లో బంగారంలా ఉండటానికి పొద్దుట్నుంచీ పెట్టిన ఖర్చు ఇంటికొచ్చాక కనపడుతోంది. ఇల్లయినా కొరకడానికి వీలైన చోటు అయింది, అది ఇంటి గొప్పే. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ కొరికించుకున్న తమ్ముణ్ణి కూడా పట్టించుకోవాలి, వాడి గురించి ఎవరూ రిపోర్టు రాయరు. ఆడపిల్లల్లో ఈ బంగారం వేషం ఇంకా ఎక్కువ. పక్కపిల్ల ఎలా నవ్వితే అలా నవ్వి, ఎలా తల తిప్పితే అలా తిప్పి రోజు గడిపేస్తారు. అందుకే వాళ్ళలో చాలామందిని మనం ఏళ్ళ తరబడి గుర్తే పట్టం.

ఇంకో చిన్న విషయం, కానీ మన ఊళ్ళలో థెరపీ గదులన్నిట్లో రోజూ జరిగేది. "లుక్ ఎట్ మీ. కళ్ళలోకి చూడు నాన్నా." గడ్డం పట్టుకుని తిప్పడం, చూసేదాకా బిస్కెట్ ఇవ్వకపోవడం. 2005లో అమెరికాలోనే విస్కాన్సిన్ యూనివర్సిటీవాళ్ళు పిల్లలు ఫొటోల్లో మొహాలు చూస్తుండగా మెదడుని స్కాన్ చేశారు. ఆటిజం ఉన్న పిల్లల్లో కళ్ళమీద చూపు ఎంతసేపు నిలిస్తే మెదడులో అమిగ్డలా అనే భాగం అంత ఎక్కువ పనిచేసింది. ప్రమాదం వాసన ముందు పట్టేది అదే. చూపు పక్కకి తిప్పడం వాళ్ళకి వేడి గిన్నె మీదనుంచి చెయ్యి తీసేయడం లాంటిది. చెయ్యి తీస్తే కొట్టి మళ్ళీ గిన్నె మీద పెడతామా? నేను ఈ ఉద్యోగంలో మొదటి నాలుగేళ్ళు పెట్టాను. అలా పెట్టడమే నేర్పించారు మాకు. ఇప్పుడు నా గదిలో ఆ మాట వాడను. నా నుదురు చూసినా, నా చెవి కమ్మ చూసినా వింటున్నాడనే లెక్క.

ఇక మందుల సంగతి. వినగానే మీకు వచ్చే ఆలోచన నాకు తెలుసు: మెదడులో రసాయనమే కదా, ఆ రసాయనాన్ని సరిచేస్తే? ఆ దారిలో ఎప్పుడో బయల్దేరారు. 1961లో షేన్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు, ఆటిజం ఉన్న కొందరు పిల్లల రక్తంలో సెరొటోనిన్ అనే రసాయనం ఎక్కువగా ఉందని రాశారు. ఆటిజంలో దొరికిన మొట్టమొదటి రక్తపు ఆనవాళ్ళలో అదొకటి. ఆ తర్వాత కూడా పాతిక, ముప్పై శాతం మందిలో అలాగే కనపడుతూ వచ్చింది. ఆ సెరొటోనిన్ దాదాపు అంతా రక్తంలోని ప్లేట్‌లెట్లలో ఉంటుంది, తయారయ్యేది పేగుల్లో. అది మెదడులోకి నేరుగా దూరలేదు. కాబట్టి రక్తంలో అంకె చూసి మెదడులో ఇంత ఉందని చెప్పడానికి లేదు. సెరొటోనిన్ మీద పనిచేసే సిటలోప్రామ్ అనే మందుని 149 మంది పిల్లల మీద పరీక్షించి 2009లో ఫలితాలు ఇచ్చారు. చేసిందే చేయడం తగ్గుతుందేమోనని చూశారు. మందు వేసుకున్నవాళ్ళలో ఎంతమందికి తగ్గిందో, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ ఇంచుమించు అంతమందికే తగ్గింది. మూడోవంతు.

తర్వాత ఆక్సిటోసిన్. ప్రేమ హార్మోన్ అని పత్రికలు పేరు పెట్టాయి. ముక్కులో కొడితే పిల్లలు పిల్లలతో కలిసిపోతారని ఆశపడ్డాం. నేనూ పడ్డాను, అబద్ధమెందుకు. 3 నుంచి 17 ఏళ్ళ వాళ్ళు 290 మంది, 24 వారాల స్ప్రే. ఫలితం 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఉత్తి స్ప్రేకీ దానికీ తేడా లేదు. అయినా ఆన్‌లైన్లో ఆ బుడ్డీలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. మీ వాట్సాప్ గ్రూపుల్లో లింకులు కూడా వచ్చే ఉంటాయి.

రిస్పెరిడోన్ అనే మందుకి 2006లో, ఎరిపిప్రజోల్ అనే మందుకి 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఆటిజానికి కాదు, ఆటిజంతో వచ్చే తీవ్రమైన చిరాకు, కొట్టుకోవడం లాంటి వాటికి. అవసరమైన పిల్లలకి అవి నిజంగా సాయపడతాయి, బరువు పెరగడం లాంటి ఇబ్బందులూ ఉంటాయి. వేయడం, ఆపడం రెండూ డాక్టరుతోనే. ఎవరి మాటో విని ఒక్కరోజులో ఆపేయకండి. ఇక జుట్టు పంపండి, ఉమ్మి పంపండి, మీ బాబు బ్రెయిన్ కెమిస్ట్రీ రిపోర్టు ఇస్తాం అనేవాళ్ళకి వేలు పోయకండి. ఇందాకటి అధ్యయనాల్లో తేడాలు గుంపుకీ గుంపుకీ మధ్య తేలినవి. ఒక పిల్లాడి అంకె చూసి ఇతనికి ఆటిజం ఉంది, లేదు అని ఎవరూ చెప్పలేరు. స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తామనేవాళ్ళ గురించయితే 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు స్పష్టంగా చెప్పింది, ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయడం లేదని. పొలం అమ్మి ఎక్కించుకుని వచ్చిన కుటుంబాన్ని నేను చూశాను. ఇంతకంటే దాని గురించి మాట్లాడితే నా కార్టిసాల్ పెరుగుతుంది.

మరి మిగిలిందేమిటి? పిల్లాడి మెదడు పక్కనపెట్టి గ్రౌండుని సరిచేయడం.

ఆ బాబు స్కూల్లో ఏం చేశామో చెబుతాను. డ్రిల్లు మాస్టారు మంచాయన. ముందు ఆటలు చూసుకున్నాం. దొంగ-పోలీసు వద్దనుకున్నాం, అందులో రూళ్ళు నోటిమాటల్లో నిమిషానికోసారి మారతాయి. తొక్కుడుబిళ్ళ పట్టుకున్నాం. ఎంత అద్భుతమైన ఆటో అప్పటిదాకా నాకు తోచలేదు. గీతలు నేలమీద కళ్ళకి కనపడతాయి. ఒకసారికి ఒక్కరే. నా వంతు ఎప్పుడో, నీ వంతు ఎప్పుడో తెలుసు. గీత తొక్కితే అవుట్, అందులో వాదన లేదు. మాట్లాడక్కర్లేదు, మొహం చూడక్కర్లేదు, నేల చూస్తే చాలు, పక్కన మాత్రం పిల్లలుంటారు. సున్నంతో గళ్ళు గీయించి, ఆ నాలుగు వేపచెట్ల పక్కనే గీయించాం. వారం రోజులు నడుస్తూ చూశాడు. రెండో వారం ఒక పాప బిళ్ళ చేతిలో పెట్టింది, వేశాడు. అంతే, ఆ రోజుకి ఇంకోసారి వేయలేదు. మేమూ వేయమనలేదు.

రెండోది "టైమ్ ప్లీజ్". ఆటలో గుప్పిట పైకెత్తి మనం అనేవాళ్ళం కదా, అప్పుడు పట్టుకోకూడదు. క్లాసు మొత్తానికి మాస్టారు ఒక రూలు పెట్టారు: ఎవరు ఎప్పుడు గుప్పిట ఎత్తినా అడక్కుండా వదిలేయాలి, చెట్టుదాకా వెళ్ళి రావచ్చు. ఈ బాబుకని చెప్పలేదు, అందరికీ. మొదటి వారమంతా క్లాసులో సగంమంది గుప్పిళ్ళే, లెక్కల పీరియడ్లో మరీను. (నవ్వులు) తర్వాత సద్దుమణిగింది. బాబు మాత్రం దాన్ని వాడుకోవడం ఆపలేదు.

మూడోది ఇంట్లో. వ్యాను దిగిన దగ్గర్నుంచి అరగంట ప్రశ్నలు బంద్. ఇవాళ ఏం చెప్పారు, బాక్సు ఎందుకు మిగిల్చావు, హోంవర్కేంటి, ఏవీ వద్దు. బూట్లు ఎక్కడ విసిరినా వద్దు. గిన్నెలో మరమరాలు, పక్కన నీళ్ళు, ఊయలబల్ల. నాయనమ్మగారికి ఇది ససేమిరా నచ్చలేదు. "పిల్లాణ్ణి పలకరించకపోవడమేంటమ్మా, ఇది ఎక్కడి చోద్యం" అన్నారు. చివరికి ఆవిడే ఆ ఊయల ఊపే డ్యూటీ తీసుకున్నారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. కొరకడం బాగా తగ్గింది. యాన్యువల్ డే రిహార్సల్స్ మొదలై టైంటేబుల్ తలకిందులైనప్పుడు మూడు వారాలు మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడతను తొమ్మిదో క్లాసు. ఆటల్లో స్కోరు రాస్తాడు. స్కోరరు లేకుండా వాళ్ళు ఆడరట, తొండి చేస్తే తేదీతో సహా చెబుతాడు కాబట్టి.

రిహార్సల్స్ అంటే గుర్తొచ్చింది. ఆ కార్బెట్‌గారే సెన్స్ థియేటర్ అని నడుపుతున్నారు. ఆటిజం ఉన్న పిల్లల్నీ, ముందే శిక్షణ పొందిన తోటిపిల్లల్నీ జతలుగా కలిపి నాటకం వేయిస్తారు. 8 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 30 మందిని లాటరీ వేసి రెండు గుంపులుగా విడదీసి పరీక్షించి చూస్తే, నాటకంలో ఉన్నవాళ్ళలో ఎప్పుడూ వెంటాడే ఆందోళన తగ్గింది. నాటకంలో మాటలు రాసి ఉంటాయి, వంతు రాసి ఉంటుంది, తోడు మనిషి ఉంటాడు. మన తొక్కుడుబిళ్ళ గళ్ళూ అంతే కదా. మాకు అప్పటికి ఈ నాటకం సంగతి తెలీదులెండి, సున్నం చవగ్గా దొరికింది కాబట్టి గీశాం.

టీచర్లకి ఒక్క మాట. హైదరాబాద్‌తో కలిపి దేశంలో అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్ని చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. నూటికి ఇంచుమించు ఒకరికి ఆటిజం ఉంది. అంటే మీ స్కూల్లో ఉన్నారు, మీరు గుర్తుపట్టినా పట్టకపోయినా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. వాళ్ళకి తగ్గట్టు ఏర్పాట్లు చేయడం మీ దయాదాక్షిణ్యం కాదు, వాళ్ళ హక్కు. మీ చేతికింద అరవై మంది ఉన్నారని నాకు తెలుసు. సున్నం ఖర్చు మాత్రం చాలా తక్కువ.

నా టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను. ఆ పెద్దావిడ, చెప్పండమ్మా.

(ప్రశ్న: మా మనవడికి ఏడేళ్ళండీ. మొన్న మా తమ్ముడి కూతురి పెళ్ళిలో మేళం మొదలవగానే చెవులు మూసుకుని భోజనాల బల్ల కింద దూరాడు. చుట్టాలంతా చూస్తున్నారు. బయటికి లాగాలా, వదిలేయాలా?)

లాగకండి అమ్మమ్మగారూ. బల్ల కిందకి వెళ్ళడం వాడికి తోచిన "టైమ్ ప్లీజ్". మంచి ఆలోచనే, బల్లకి బట్ట కూడా కప్పి ఉంటుంది. మీకు నడుము సహకరిస్తే పక్కన కింద కూర్చోండి, మాట్లాడొద్దు. సహకరించకపోతే ఇంకో పిల్లాణ్ణి కూర్చోబెట్టండి. ఈసారి పెళ్ళికి వెళ్ళేముందు మండపం ఫొటో చూపించండి, మేళం ఎప్పుడు గట్టిగా మోగుతుందో చెప్పండి, తాళి కట్టే టైముకి ముందే కారులోకో మేడమీదికో తీసుకెళ్ళండి. మేళం ఆగిన వెంటనే రమ్మనకండి, ఇందాక చెప్పాను కదా, ఒంట్లో అది దిగడానికి ఇంకా టైమ్ పడుతుంది. అరగంట పోయాక ఆకలేస్తే వాడే వస్తాడు.

చుట్టాలా? చుట్టాలకి బూందీ లడ్డు పెట్టండి, నోళ్ళు కాసేపు మూసుకుంటారు. (నవ్వులు)

మైకు ఆ వెనక నీలం చొక్కా ఆయనకి ఇవ్వండి. ఆయన చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు.